వైరు పీకినా పలికింది

మా కోడలు పాత కంప్యూటర్ల డాక్టరు. కొత్తవాటి జోలికి పెద్దగా పోదు. "కొత్తవి చెడితే పారేస్తారు అత్తయ్యా, పాతవి చెడితేనే బాగుచేయమని బతిమాలుతారు" అంటుంది. పెళ్లయి మా ఇంటికి వచ్చిన రోజున రెండు పెట్టెలు తెచ్చుకుంది. ఒకదాన్నిండా బట్టలు. రెండోదాన్నిండా చుట్టలు చుట్టిన వైర్లూ, స్క్రూడ్రైవర్లూ, ఏ కొట్లోనూ దొరకని పాత కార్డులూ. ఆ రెండో పెట్టెను మోస్తూ మావాడు గుమ్మంలోనే నడుం పట్టుకుని కూలబడ్డాడు. ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్లతో నాకు బాగా పొద్దుపోతుందని.

నేను అంబులెన్సుల కాల్ రూమ్‌లో సూపర్‌వైజర్‌ని. ఊళ్లో ఎవరికి గుండెనొప్పి వచ్చినా, ఎవరు మెట్ల మీంచి జారిపడినా, ఎవరికి పురిటినొప్పులు మొదలైనా మా గదిలోనే ఫోను మోగుతుంది. ఫోనెత్తిన ఆపరేటర్ అడ్రసు అడిగి తన ముందున్న కంప్యూటర్‌లో కొడుతుంది. ఆ అడ్రసు వైరు వెంట పరిగెత్తి, గది మూలన అద్దాల బీరువాలో కూర్చున్న పెద్ద కంప్యూటర్‌ని చేరుతుంది. ఊళ్లోని ప్రతి వీధీ, ప్రతి సందూ దాని కడుపులోనే ఉన్నాయి. ఏ బండి ఖాళీగా ఉందో, ఏ దారిన వెళితే ముందు చేరుతుందో రెప్పపాటులో చెబుతుంది. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, అంతే. రంగులూ బొమ్మలూ లేవు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మేమంతా దాన్ని తాతయ్య అంటాం.

ఆ ఏడాది తాతయ్యకు ఒక వింత జబ్బు పట్టుకుంది. ఉన్నట్టుండి ఆపరేటర్లందరి తెరల మీదా 'లైన్ తెగింది' అని పడేది. కాసేపు అలాగే ఉండి, ఎవరూ ఏమీ చేయకుండానే లైను మళ్లీ వచ్చేది. ఆ కాసేపు మా గది గది కాదు, సంత. అడ్రసులు కాగితం ముక్కల మీద రాసుకోవడం, గోడ మీది మ్యాపు దగ్గరికి పరిగెత్తడం, ఏ బండి ఎక్కడుందో వైర్‌లెస్‌లో అరిచి కనుక్కోవడం. ఇన్నిసార్లు లైను తెగినా ఏ రోగికీ ముప్పు రాలేదు. అది మా పిల్లల గొప్పతనం. నా ప్రాణం మాత్రం ప్రతిసారీ గొంతులోకి వచ్చి కూర్చునేది.

ఒకరోజు పెద్దాఫీసరు వచ్చారు. మంచాయనే, మా మీద కోపమేమీ లేదు.

"మేడం, మీ తాతయ్యకు వయసైపోయింది. కాల్స్ పెరిగిపోయాయి, ఆ బరువు మోయలేక కూలబడుతున్నాడు. ఇక మీ గదిని మూసేసి, పక్క ఊళ్లో పెట్టిన పెద్ద సెంటర్‌లో కలిపేద్దామని పైవాళ్లు అంటున్నారు" అన్నారు.

పక్క ఊళ్లో కూర్చున్నవాళ్లకు మా సందులేం తెలుస్తాయి? 'నీళ్ల ట్యాంకు వెనకాల' అని ఏడుస్తూ ఎవరైనా చెబితే, మా పిల్లలు 'పాత ట్యాంకా, కొత్త ట్యాంకా అమ్మా' అని అడుగుతారు. అక్కడివాళ్లు రెండు ట్యాంకులున్నాయనే ఎరగరు.

"మూసేముందు ఒక్కసారి ఎవరికైనా చూపించండి సార్" అన్నాను.

ఆయన రిపేర్లు చూసే కంపెనీకి ఫోను చేశారు. వాళ్ల దగ్గర ఇంత పాత కంప్యూటర్లు తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారట. పేరు చెప్పారు. నేను నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, మళ్లీ తెరిచాను.

"సార్, ముందే చెబుతున్నాను. ఆమె మా కోడలు."

ఆయన పకపకా నవ్వారు. "అయితే ఇంకా మంచిది. పని కాకపోతే ఇంట్లోనే నిలదీయొచ్చు."

ఆ సాయంత్రం ఇంట్లో మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. ఆఫీసులో నేను మేడం, ఆమె టెక్నీషియన్. ఇంట్లో 'నువ్వు' అనే నేను అక్కడ 'మీరు' అనాలి. చుట్టరికం గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలేయాలి. మావాడు ఇదంతా విని, "మరి నేను ఎవర్ని?" అన్నాడు. "నువ్వు వంట సంగతి చూడు" అన్నాం ఇద్దరమూ ఒకేసారి.

మర్నాడు ఆమె సంచీ భుజాన వేసుకుని మా గదిలోకి వచ్చింది. "నమస్తే మేడం" అంది. "రండి, కూర్చోండి" అన్నాను. మా సీనియర్ ఆపరేటర్ నోట్లో పోసుకున్న నీళ్లు బయటికి రాకుండా రెండు చేతులతోనూ మూతి మూసుకుంది. ఆమె గొంతు ఎంత రద్దీలోనైనా ఖంగున వినిపిస్తుంది కాబట్టి మేమంతా ఆమెను గంట అంటాం.

మా కోడలు ముందు తాతయ్య వెనక్కి చేరింది. లోపలి దుమ్మంతా బ్రష్షుతో దులిపింది. వైరు మార్చింది. ఆ రోజు బాగానే గడిచింది. మర్నాడు మధ్యాహ్నం లైను మళ్లీ తెగింది. వైరు గుచ్చే కార్డు పాతబడిందేమోనని, మా ఇంట్లో ఉన్న పెట్టెలోంచి అలాంటిదే ఇంకోటి వెతికి తెచ్చి బిగించింది. రెండు రోజులు ఊరుకుని మళ్లీ తెగింది. లోపలి గడియారానికి ఉండే బిళ్ల బ్యాటరీ మార్చింది. లిఫ్టు మోటారు పక్కనుంచి వెళుతున్న వైరును దూరంగా జరిపించింది. బాగుపడిందని ప్రతిసారీ అనుకోవడం, మర్నాడో ఆ మర్నాడో మళ్లీ మొదటికి రావడం.

"తాతయ్యకు మందులు మారుతున్నాయి గానీ జబ్బు మారడం లేదు కదండీ" అంది గంట. వెటకారంగా అనలేదు, దిగులుగానే అంది. అయినా మా కోడలి ముఖం చిన్నబోయింది.

పని రాక కాదని నాకు తెలుసు. ఇంట్లో పక్కవాళ్ల పాత రేడియో నుంచి డాబా మీది నీళ్ల మోటారు దాకా ఏది ఆగినా, అది ఎందుకు ఆగిందో తేలేదాకా ఈ పిల్లకు ముద్ద దిగదు. కానీ ఆ సంగతి ఆఫీసులో చెప్పుకోవడానికి నేను అత్తను కాదే, మేడంని!

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె కంచంలో వేళ్లు ఆడిస్తూ కూర్చుంది.

"తినమ్మా. రేపు చూద్దువులే" అన్నాను.

"ఒక్కటే అర్థం కావడం లేదు అత్తయ్యా. లైన్ తెగిందని తెర మీద పడుతుందా, అప్పుడు నేను గంటక్క కంప్యూటర్ ముందు కూర్చుని తాతయ్యను పిలుస్తాను. 'ఉన్నావా?' అని. ఉంటే 'ఉన్నాను' అని జవాబు రావాలి. లైన్ నిజంగా తెగితే జవాబు రాకూడదు. కానీ వస్తోంది! ఉన్నాను ఉన్నాను అంటూనే పని మాత్రం చేయడం లేదు."

"మా ఆయన కూడా అంతేగా" అన్నాను. "పేపరు చదువుకుంటూ ఊఁ ఊఁ అనేవారు."

ఆమె నవ్వింది. నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. అదే ఊపులో కబుర్లలోకి దిగాను. ఈ తెగడాలు అన్నీ ఒకెత్తు, మొన్నటి గాలివాన రోజు ఒకెత్తు అన్నాను. చెట్లు కూలి, రేకులు ఎగిరి, మా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఒక్క బండి కూడా కొట్టంలో లేదు. డ్రైవర్లు మంచినీళ్లు తాగడానికి కూడా దిగలేదు. ఆపరేటర్లకు కుర్చీలోంచి లేచే తీరిక లేదు.

కోడలి చేయి కంచంలోనే ఆగిపోయింది.

"ఆ రోజు లైన్ ఎన్నిసార్లు తెగింది?"

చెప్పబోయి ఆగాను. ఎంత గుర్తుచేసుకున్నా కాగితం ముక్కలు పట్టుకుని పరిగెత్తినట్టు గుర్తు రావడం లేదు.

"తెగలేదమ్మా" అన్నాను నెమ్మదిగా. "పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్కసారి కూడా తెగలేదు."

"బరువు మోయలేకపోతే ఆ రోజే కదా కూలబడాలి?"

"అవును కదా!"

"అయితే తాతయ్యకు పని ఎక్కువై కాదు. మీకు తీరిక దొరికినప్పుడే లైన్ తెగుతోంది." ఆమె గబగబా ముద్దలు మింగడం మొదలుపెట్టింది. "మీ గది తీరిగ్గా ఉన్నప్పుడు ఆ బిల్డింగ్‌లో ఇంకేదో జరుగుతోంది అత్తయ్యా. అదేంటో చూడాలి."

మర్నాడు ఆమె ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. గంట పక్కన కుర్చీ వేసుకుని చేతులు కట్టుకుని కూర్చుంది. పొద్దున రద్దీ గడిచింది. మధ్యాహ్నం ఫోన్లు పలచబడ్డాయి. గది సద్దుమణిగింది. ఫ్యాను చప్పుడు వినిపించేంత నెమ్మది.

తెరలన్నీ ఒక్కసారి చిట్లినట్టయి, 'లైన్ తెగింది' అని పడింది.

ఆపరేటర్లు కాగితాలు అందుకున్నారు. మా కోడలు గంట కంప్యూటర్ ముందుకు జరిగి తాతయ్యను పిలిచింది. ఉన్నాను అని జవాబు వచ్చింది. మళ్లీ పిలిచింది. ఉన్నాను. ఆగకుండా పిలుస్తూ ఉండమని కంప్యూటర్‌కి చెప్పి ఆమె లేచింది. అద్దాల బీరువా తెరిచి, తాతయ్య వీపున గుచ్చిన వైరును పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. వైరు ఊడి చేతిలోకి వచ్చింది. ఇప్పుడు తాతయ్యకు బయటి ప్రపంచంతో ఏ సంబంధమూ లేదు.

వైరు చేత్తో పట్టుకునే వెనక్కి తిరిగి, గంట తెర వైపు చూసింది.

ఉన్నాను. ఉన్నాను. ఉన్నాను.

"అత్తయ్యా!" అని కేక పెట్టింది.

గదిలో అందరి తలలూ ఇటు తిరిగాయి. ఆమె నాలుక కరుచుకుంది. కానీ ఆనందం ఆగడం లేదు.

"అత్తయ్యా... అదే, మేడం... వైరు పీకేశాను, అయినా పలుకుతోంది! ఇన్నాళ్లూ పలికింది తాతయ్య కాదు. ఇంకెవరో!"

గంట కుర్చీ వెనక్కి జరిపి, తెరను దయ్యాన్ని చూసినట్టు చూసింది.

"ఇంకెవరంటే?" అన్నాను.

"ప్రతి కంప్యూటర్‌కీ ఒక నంబర్ ఉంటుంది మేడం, ఇంటికి డోర్ నంబర్ లాగా. తాతయ్య నంబరే పెట్టుకుని ఇంకో కంప్యూటర్ ఈ బిల్డింగ్‌లో ఎక్కడో ఉంది. అది నిద్ర లేచినప్పుడల్లా మీ అడ్రసులన్నీ దాని గుమ్మంలోకి పోతున్నాయి. ఏం చేయాలో దానికి తెలియదు. అది ఆగిపోగానే మళ్లీ తాతయ్య దగ్గరికి వస్తున్నాయి. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఒకే పేరు పెట్టినట్టు. ఒకర్ని పిలిస్తే ఇంకొకరు పలుకుతున్నారు."

"మరి అదెక్కడుందో ఎలా తెలుస్తుంది?"

ఆమె నడవాలో గోడకున్న ఇనప పెట్టె తెరిచి చూపించింది. బిల్డింగ్‌లోని వైర్లన్నీ అందులోకి వచ్చి గుచ్చుకుంటాయి. ఏ వైరు ఏ గదిదో రాసిన చీటీలు ఎప్పుడో రాలిపోయాయి.

"గంటక్క వైరు ఏదో నాకు తెలుసు, అది వదిలేసి మిగతావి ఒక్కొక్కటీ పీకి, చూసి, మళ్లీ గుచ్చాలి. ఏది పీకితే ఆ గొంతు ఆగుతుందో అదే దొంగ వైరు. కానీ..." ఆమె నా వైపు చూసింది. "మీ ఆపరేటర్ల వైర్లు కూడా ఇందులోనే ఉన్నాయి. వేరే ఆఫీసులవీ ఉన్నాయి. ఫోన్లు వస్తుండగా పీకమంటారా, రద్దీ లేని సెలవు రోజు దాకా ఆగమంటారా?"

సెలవు రోజైతే ఆ దొంగ నిద్ర లేస్తాడో లేదో ఎవరికి తెలుసు? ఇప్పుడు మెలకువగా ఉన్నాడు, గొంతు వినిపిస్తోంది. నేను గది వైపు చూశాను. నా పిల్లలు కాగితాలూ పెన్నులూ చేతపట్టుకుని సిద్ధంగా ఉన్నారు. లైను ఎలాగూ తెగే ఉంది.

"పీకండి. ఏదైనా అయితే బాధ్యత నాది" అన్నాను.

నేను గోడ మ్యాపు ముందు నిలబడ్డాను. గంట తెర చూస్తూ, "ఉంది... ఉంది... ఇంకా ఉంది..." అని నడవాలోకి వినిపించేలా చెబుతోంది. నడుమ ఫోను మోగింది. ఒకావిడ, భర్త స్నానాల గదిలో జారిపడి లేవలేకపోతున్నాడని. రొట్టెల బట్టీ ఎదురు సందు అంది. ఆ సందులో ముందువైపు రోడ్డు తవ్వేశారని నాకు తెలుసు. వెనకవైపు నుంచి వెళ్లమని వైర్‌లెస్‌లో డ్రైవర్‌కి చెప్పాను. బండి కదిలిందని తెలిశాకే ఊపిరి వదిలాను.

"ఉంది... ఉంది... ఆగింది! ఆగిపోయిందండీ!" గంట గొంతు ఆ రోజు నిజంగా గంటలాగే మోగింది.

మా కోడలి చేతిలో బూడిదరంగు వైరు ఒకటి ఉంది. ముందు తాతయ్య వైరు తిరిగి గుచ్చింది. తెరలన్నీ ఒకదాని తర్వాత ఒకటి బతికాయి. గదిలో చప్పట్లు మోగాయి. ఆమె అవేవీ పట్టించుకోలేదు. మెడ పైకెత్తి, ఆ బూడిదరంగు వైరు గోడ మీద ఎటు పోతోందో చూస్తూ నడక మొదలుపెట్టింది. పగ్గాలు గంటకు అప్పగించి నేనూ వెనకే బయల్దేరాను. వైరు నడవా చివరిదాకా పోయి, మెట్ల పక్కన కిందికి దిగి, పాత పెయింటు కింద దాక్కుని, మళ్లీ తేలి, కింది అంతస్తులో ఒక గోడలోకి దూరింది. ఆ గోడ అవతల ఉన్నది డ్రైవర్లు బండి దిగాక నడుం వాల్చే గది.

తలుపు దగ్గరికి వెళ్లేసరికి లోపల్నుంచి మాటలు వినిపించాయి.

"పాల డిపో వెనక సందులోంచి వస్తా."

"తప్పు! అక్కడ మెట్లున్నాయి. స్ట్రెచర్ ఎలా దించుతావ్?"

"అయితే మార్కెట్ చుట్టూ తిరిగి..."

"సంత రోజయితే?"

తలుపు తోశాను. నలుగురైదుగురు డ్రైవర్లు ఒక బల్ల చుట్టూ మూగి ఉన్నారు. బల్ల మీద అచ్చం మా తాతయ్య! అదే నల్లటి తెర, అవే ఆకుపచ్చ అక్షరాలు. దాని ముందు మా సీనియర్ డ్రైవరు కూర్చుని ఉన్నాడు. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. మిగతావాళ్లు బల్ల దగ్గర్నుంచి వెనక్కి జరిగారు.

"ఏంటిది బాబాయ్?" అన్నాను.

"పని ఎగ్గొట్టి ఆటలాడుకోవడం లేదు మేడం, ఒట్టు" అన్నాడాయన. "కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఊరు తెలియడం లేదు. పైనుంచి కంప్యూటర్ దారి చెబుతుంది నిజమే. కానీ ఆ దారిలో మెట్లున్నాయో, బండి తిరిగే జాగా ఉందో అది చెప్పదు కదా. సామాన్ల గదిలో ఇది ఊరికే పడుంది. అడిగి తెచ్చుకున్నాం. దీంట్లోనూ ఊరంతా ఉంది. ఖాళీ దొరికినప్పుడల్లా ఒక వీధి తీయడం, ఎలా వెళతావని అడగడం. తప్పు చెప్పినవాడు అందరి బండ్లూ కడగాలి."

వెనక నిలబడ్డ ఒక కొత్త డ్రైవరు తడిసిన ప్యాంటు కింది అంచులు చూసుకున్నాడు.

ఆ కంప్యూటర్ సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. తాతయ్యతో పాటే కొన్న జత అది. ఒకటి చెడితే రెండోదాన్ని వెంటనే పెట్టుకోవచ్చని, నంబరుతో సహా అన్నీ ఒకేలా అమర్చి లోపల పెట్టారు. తుక్కులో పోయిందనే అనుకున్నాను.

"గోడకు ఈ వైరు గుచ్చింది ఎవరు?" అని అడిగింది మా కోడలు, నవ్వు ఆపుకుంటూ.

బాబాయ్ తల గోక్కున్నాడు. "నేనేనమ్మా. దానికి వెనక ఒక తోక వేలాడుతోంది. గోడకి సరిగ్గా అలాంటి కన్నం ఉంది. తోకుంది, కన్నముంది, పెట్టేశాను."

కోప్పడదామనే ఆ గుమ్మం దాటాను. ఇన్నాళ్ల తిప్పలు, మూతపడబోయిన గది, పిల్ల ముఖం చిన్నబోవడం, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. కానీ ఆ బల్ల చుట్టూ ఉన్న ముఖాలు చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. ఎండలో తిరిగొచ్చిన మనుషులు, దొరికిన కాస్త విశ్రాంతిలో కాళ్లు చాపుకోకుండా, ఎవరో తెలియని రోగిని ఏ సందులోంచి త్వరగా తేవాలా అని తగువులాడుకుంటున్నారు. నా కింద పనిచేసేవాళ్లు ఇలాంటివాళ్లా అనుకున్నాను. ఛాతీ నిండిపోయింది.

మా కోడలే ఆ కుర్చీలో కూర్చుంది. ఏవో కొన్ని అక్షరాలు కొట్టి, ఒక నంబరు చెరిపి ఇంకో నంబరు రాసి, ఆపి మళ్లీ ఆన్ చేసింది. పైకి వెళ్లి నడవాలో వైరు తిరిగి గుచ్చి వచ్చింది. ఇద్దరు తాతయ్యలూ ఇప్పుడు ఒకేసారి మేలుకుని ఉన్నారు. మేమందరం ఊపిరి బిగబట్టాం. పైనుంచి గంట కేక మెట్లదాకా వినిపించింది. "ఏం తెగలేదండీ! అంతా బాగుంది!"

"ఇంతేనా?" అన్నాడు బాబాయ్ ఆశ్చర్యంగా. "ఒక్క నంబర్ కోసమా ఇంత రభస?"

"ఒక్క నంబరే బాబాయ్ గారూ. దొరికేదాకానే కష్టం."

అంతటితో వదిలేయలేదు ఆమె. పైన తాతయ్యకు కొత్త వీధి ఎక్కించిన ప్రతిసారీ అది కింద దీనిలోకీ వచ్చేలా ఏర్పాటు చేసింది. ఏ సందులో మెట్లున్నాయో, ఎక్కడ బండి తిరగదో డ్రైవర్లు ఇక్కడ కొడితే పైన ఆపరేటర్లకు కనిపించేలా ఇంకో ఏర్పాటు. దానికి కొన్నాళ్లు పట్టింది. ఆ కొన్నాళ్లూ బాబాయ్ ఆమె పక్కనే కూర్చుని, "అది రాయమ్మా, ఆ మలుపులో చెత్త బండి ఆగుతుంది పొద్దున్నే" అంటూ తలలో ఉన్న ఊరంతా ఒలకబోశాడు.

లైను మళ్లీ తెగలేదు. పెద్దాఫీసరు తన కళ్లతో చూస్తానని వచ్చారు. పైన గంట పక్కన కూర్చుని గమనించారు. కిందికి దిగి డ్రైవర్ల ఆటలో కూర్చున్నారు. వాళ్లు ఆయన్ని ఆయన ఇంటికే దారి అడిగారు. ఆయన చెప్పిన దారికంటే దగ్గర దారి ఇంకోటి కొత్త డ్రైవరు చెప్పాడు. "ఇరవయ్యేళ్లుగా చుట్టు తిరిగి వెళుతున్నానా నేను!" అని ఆయన పడీ పడీ నవ్వారు. బండ్లు కడగమని మాత్రం ఆయన్ని ఎవరూ అడగలేదు.

వెళ్లేముందు మా గదిలో నిలబడి, "ఈ గది ఇక్కడే ఉంటుంది. పైవాళ్లకు నేను చెబుతాను" అన్నారు. ఆపరేటర్లలో ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. ఆయన మా కోడలి వైపు తిరిగి, "ఇలాంటి పాత కంప్యూటర్లు ఇంకా కొన్ని ఊళ్లలో ఉన్నాయి. అక్కడా ఏవేవో ఇబ్బందులు. అన్నీ మీరు చూస్తారా? మీకు ఏం కావాలో చెప్పండి" అని అడిగారు.

"కంప్యూటర్ సంగతి నేను చూసుకుంటాను సార్" అంది ఆమె. "కానీ ప్రతి ఊళ్లోనూ గది సంగతి తెలిసినవాళ్లు ఒకరు నా పక్కన కూర్చోవాలి. ఎప్పుడు రద్దీగా ఉంటుంది, ఎప్పుడు తీరిగ్గా ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏం చేస్తారు. అది వైర్లలో దొరకదు. ఇక్కడ నాకు ఆ సంగతి చెప్పింది మేడంగారు."

నేను కిటికీలోంచి బయట ఏదో ఉన్నట్టు అటు చూశాను. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నాకు కాగితం మీద మెప్పులు వచ్చాయి. నా ఇంటి పిల్ల, నా గదిలో, నా మనుషుల ముందు చెప్పిన ఆ మాట ముందు అవేవీ ఆనవు.

ఇప్పుడు ఆమె ఊరూరూ తిరుగుతోంది. పోయినవారం ఎక్కడో కొండ మీది ఊరికి వెళ్లింది. అక్కడ చిన్న ఆసుపత్రిలో పాత ఎక్స్‌రే కంప్యూటర్ నుంచి డాక్టరు గదికి బొమ్మలు వెళ్లడం లేదట. రెండు రోజులు ఫోను లేదు. మావాడు ఒక్కడే వండుకుని ఒక్కడే తిని విసుగెత్తి, "నా పెళ్లాన్ని ఎప్పుడు పంపిస్తారో మీ ఆఫీసరుని కనుక్కో అమ్మా" అని నన్ను సాధించాడు.

నిన్న మధ్యాహ్నం, నేను డ్యూటీలో ఉండగా ఆమె దగ్గర్నుంచి ఫోను వచ్చింది. వెనకాల ఎవరెవరో నవ్వుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు.

"అత్తయ్యా, దొరికింది!" అంది. "అసలేం జరిగిందో చెబుతా, వినండి."

"ఒక్క నిమిషం ఆగు తల్లీ" అని, ఆపరేటర్లందరికీ వినిపించేలా ఫోను స్పీకర్‌లో పెట్టి, కింద ఖాళీగా ఉన్న డ్రైవర్లను కూడా పైకి రమ్మని కబురు పంపాను.